ఒకటో నంబరు ఎద్దులు

ఆ రోజుల్లో మా అనంతపురం జిల్లాకు వాన రాలేదు గానీ డీవీడీ వచ్చింది. వేరుశెనగ నిలువునా ఎండిపోయిన ఇంట్లో కూడా టీవీ పక్కన ఒక ప్లేయరు, దాని మీద పూలు కుట్టిన గుడ్డ ఉండేవి. రిమోటు మాత్రం ఉండేది కాదు. (కొన్న వారంలోనే పిల్లలు నీళ్లతొట్టిలో దానికి ఈత నేర్పేవాళ్లు.) నేను తొమ్మిదో తరగతిలోనే చదువుకు నమస్కారం పెట్టి గార్లదిన్నెలో ఒక వీడియో షాపులో చేరాను. నమస్కారం నేనే పెట్టానని ఇంట్లో చెప్పాను. మా అయ్యవారిని అడిగితే వేరే మాట చెబుతాడు. షాపు యజమానిని అందరం ఓనరన్న అనేవాళ్లం. ఆయనకు కెమెరా పట్టడం వచ్చు, కంప్యూటరంటే భయం. పొద్దున్నే దానికి బొట్టు పెట్టి, ఊదుబత్తి పొగ దాని ఫ్యాను రంధ్రాల్లోకి పోయేట్టు తిప్పేవాడు. నాకు కంప్యూటరూ రాదు, భయమూ లేదు. అందువల్ల షాపుకు నేనే ఇంజనీరునయ్యాను.

ఆ ఏడు పక్క ఊరి తిరునాళ్లలో బండలాగుడు పోటీ పెట్టారు. తొమ్మిది జతల ఎద్దులు. ఒక్కో జతకు ఇరవై నిమిషాలు. అంతలో బండను ఎక్కువ దూరం లాగిన జతదే మొదటి ప్రైజు. ఎవరు ముందు దిగాలో చీటీలు తీసి తేలుస్తారు. తొలి చీటీ ఒంటికొమ్ము తాతకు వచ్చింది. (విరిగిన కొమ్ము ఆయన ఎద్దుది, పేరు ఆయనది.) పాపం, ఆయన ఎద్దులు నాలుగు నిమిషాలు లాగి, ఐదో నిమిషంలో ఈ బండతో మాకేం పనిలే అన్నట్టు పడుకున్నాయి. జనం ఈలలు వేశారు. ఎనిమిదో చీటీ మీసాలన్నది. ఆయన ఎద్దులు ఆ బండను కొబ్బరిచిప్పలా ఈడ్చుకుపోయి ఫస్టు కొట్టాయి. ఓనరన్న అంతా కెమెరాలో పట్టాడు. తొమ్మిదిమందీ తలా ఒక డీవీడీ కావాలన్నారు.

ఏదో వరసగా ఎక్కించి ఇచ్చేసి ఉంటే ఈ కథే లేదు. కానీ అంతకు ముందే గుంతకల్లులో ఒక షాపులో సీరియల్ డీవీడీ చూసి వచ్చాను. వేయగానే తెర నిండా చిన్న చిన్న బొమ్మలు. ఏ బొమ్మ నొక్కితే ఆ ఎపిసోడు. నాకు నిద్ర పట్టలేదు.

"ఓనరన్నా, మనమూ మెనూ పెడదాం. తొమ్మిది జతలు, తొమ్మిది ఎపిసోడ్లు. ఎవురి బొమ్మ నొక్కితే వాళ్ల ఎద్దులొస్తాయి" అన్నాను.

"హోటల్లో మెనూ చూసినా గానీ, ఎద్దులకు మెనూ యాడ చూసినావప్పా?" అన్నాడు ఓనరన్న. అయినా సరేనన్నాడు.

టేపులోంచి కంప్యూటర్లోకి దించిన ఫైళ్లను డీవీడీకి పనికొచ్చే రకంలోకి కన్వర్టు చేయాలి. ఇరవై నిమిషాల పరుగు కన్వర్టు చేయడానికి మా కంప్యూటరుకు మూడు గంటలు పట్టేది. దాని బదులు ఆ ఎద్దుల్నే అడిగి ఉంటే గుంతకల్లు దాకా వెళ్లి తొమ్మిది డీవీడీలు మోసుకొచ్చేవి. తొంభై ఏడు శాతం దగ్గర కరెంటు పోయేది. మళ్లీ సున్నా. ఇలా పదిరోజులు సాగింది. చెడిపోయిన డిస్కులు ఒక మూల గుట్టగా పేరుకున్నాయి. ఆ హడావుడిలో బొమ్మ వెడల్పు దగ్గర ఒక లెక్క తప్పు పెట్టాను. కరువుకు పక్కటెముకలు తేలిన ఎద్దులు టీవీలో అడ్డంగా సాగిపోయి, మూడు కార్ల పంట తిన్నట్టు బలిసి కనిపించాయి. పక్కన నిలబడిన మనుషులూ గుమ్మడికాయల్లా ఉన్నారు గానీ, వాళ్లను చూసిందెవరు? ఒక్క యజమానీ తప్పుపట్టలేదు. "నీ చెయ్యి చల్లని చెయ్యప్పా" అన్నారు. నేనూ కాలరు సర్దుకున్నాను.

డిస్కులు పంచిన మూడో రోజు మీసాలన్న చర్నాకోలతో సహా షాపులోకి వచ్చాడు.

"యాడప్పా మీ ఇంజనీరు?"

నేను కంప్యూటరు వెనక్కి జరిగాను.

"గోరంట్ల నుంచి మా వియ్యంకుడు వచ్చినాడు. నాటుకోడి కోసి, ఊర్లో ఇరవైమందిని కూచోబెట్టి డిస్కు ఏసినా. మిషను మీద బటను నొక్కితే ఎవురి ఎద్దులొచ్చినాయి? ఆ ఒంటికొమ్మువి! ఆపి మళ్లీ ఏసినా. మళ్లీ అవే. మూడు తూర్లు ఏస్తే మూడు తూర్లూ పండుకున్నాయి. మా వియ్యంకుడు ఏమన్నాడో తెలుసా? 'బావా, మీ ఎద్దులకు నిద్ర బాగా పడతాందే' అన్నాడు!"

ఓనరన్న నవ్వు ఆపుకోలేక ఊదుబత్తి పెట్టె వెతకసాగాడు.

"రిమోటుతో ఎనిమిదో బొమ్మ నొక్కాల అన్నా" అన్నాను.

"రిమోటుంటే నీ దగ్గరికి యాలొస్తా? అయినా ఫస్టు కొట్టినోడు ఎనిమిది యాల నొక్కాలప్పా? ఆయప్ప బొమ్మ కింద ఒకటి, నా బొమ్మ కింద ఎనిమిదా?"

"అది చీటీ నంబరన్నా."

"చీటీ సంగతి టీవీకి తెలుసునా? డీవీడీలో ఒకటో నంబరు నాదేనని ఆ తాత ఊరంతా చెప్పుకుంటాండాడు!"

నాకప్పుడు తెలిసింది. రిమోటు లేని ఇంట్లో ప్లేయరు మీది బటను నొక్కితే మెనూలో మొదటి బొమ్మే ఆడుతుంది. తొమ్మిది ఇళ్లలో తొమ్మిది టీవీల్లో ఓడిపోయిన ఎద్దులే ఊరేగుతున్నాయి.

ఓనరన్న తీర్పు చెప్పాడు. "ప్రైజుల వరసలో కొత్తవి చెయ్యి. పాతవి తొమ్మిదీ వెనక్కి తే. ఒక్కటి తగ్గినా నువ్వు పోయి మీ నాయన గొర్రెలు కాసుకో."

ఆ మాట ఉత్తది కాదు. నేను షాపులో చేరిన నాడే మా నాయన "నెల ఉంటావా ఆడ?" అని అడిగి, నా చేతికర్రను గోడకు ఆనించే ఉంచాడు. ఆ గొర్రెలకు నా మీద బొత్తిగా గౌరవం లేదు.

ఎనిమిది డిస్కులు సులువుగానే వచ్చాయి. తొమ్మిదోదానికి ఒంటికొమ్ము తాత ఇంటికి వెళ్లాను. కొట్టంలో ఎద్దులు మేత మేసే గాటిపాట ఖాళీగా ఉంది. మేత దొరక్క మొన్న సంతలో ఎద్దుల్ని అమ్మేశాడట.

"తాతా, డిస్కు మార్చాల. తప్పు పడినాది" అన్నాను.

"ఏం తప్పప్పా?"

"మీ ఎద్దులకు తొమ్మిదో నంబరు ఏయాల."

తాత "కూచో" అని టీవీ పెట్టాడు. ప్లేయరు ముందు గొంతుకూర్చుని బటను మీద బొటనవేలు పెట్టి చూస్తున్నాడు. తెర మీద బలిసిన ఎద్దులు బండ లాగుతున్నాయి. నాలుగు నిమిషాలు అయ్యాయి. ఒంటికొమ్ము ఎద్దు ముందరికాళ్లు కాస్త వంగాయో లేదో, టక్కున ఆపేశాడు.

"ఇంకా ఉండాది కదా తాతా?"

"పండుకునేది ఆ పొద్దే చూసినా గదప్పా. మళ్లీ యాల చూసేది?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఒళ్లు చూడు ఎట్ల నిగనిగలాడతాందో. ఈ కరువులో నాకు గడ్డిపోచ దొరకల్యా. నువ్వు ఏం మేపినావప్పా వాటికి?" అన్నాడు.

వెడల్పు లెక్క తప్పింది తాతా అని చెప్పడానికి, జీవితంలో మొదటిసారి, నాకు నోరు రాలేదు.

వట్టి చేతులతో షాపుకు వచ్చి మూలనున్న చెడిపోయిన గుట్టలోంచి ఒక డిస్కు తీసి ఆ ఎనిమిదితో కలిపాను. మీసాలన్న వాటిని ఒక్కొక్కటిగా తన ఎద్దులు బండ లాగినంత పట్టుదలగా చెప్పుకింద వేసి విరిచాడు. తొమ్మిదీ లెక్కపెట్టుకుని మీసం తిప్పాడు. (తొంభై ఏడు శాతం దగ్గర ఆగిపోయినదాన్ని విరిచినందుకు కూడా ఒక తిప్పు తిప్పాడు.) కొత్త డిస్కులో ఒకటో నంబరు ఆయనదే. నాలుగేళ్లకు అది ఆయన జొన్నచేలో దారానికి వేలాడుతూ చిలకల్ని బెదిరించడం నేనే చూశాను.

ఇప్పుడు మెనూలు లేవు, డీవీడీలు లేవు, నా నడుమూ లేదు. ఎవరు ఫోటో తీసినా అడ్డంగానే పడుతున్నాను, ఈసారి లెక్క తప్పింది కంప్యూటర్లో కాదు. పాత రోజులు తలుచుకోవాలంటే నేనూ తాతలాగే బటను మీద వేలు పెట్టుకుని కూర్చుంటాను. ఆ తొమ్మిదో డిస్కు సంగతి ఓనరన్నకు ఎలా తెలిసింది, గోడకు ఆనించిన ఆ కర్ర మళ్లీ నా చేతికి ఎలా వచ్చింది అన్నది ఐదో నిమిషంలో వస్తుంది. నేను నాలుగులోనే ఆపేస్తాను.