మెమరీ కార్డులోకి మారిన నలభై ఎకరాలు

ఉద్యోగం కోసం తిరిగిన ఆ రోజుల్లో నా దగ్గర పరువుకు మాత్రం కొదవ ఉండేది కాదు. ఖర్చుపెట్టే చోటు దొరక్క మిగిలిపోయింది, అంతే. తిరుత్తణి దగ్గరి ఊళ్లో ఒకప్పుడు మాకు నలభై ఎకరాలుండేవి. నాకు ఊహ తెలిసేసరికి పొలాలు పోయి పాత పత్రాలు మిగిలాయి. మణవాళనగర్‌లో అద్దె ఇంటికి మారినప్పుడు ఆ పత్రాల ట్రంకుపెట్టె కూడా మాతోపాటు వచ్చి దేవుడి గదిలో కూర్చుంది. (దేవుడి గది అంటే వంటింట్లో ఒక అలమర. మేము గది అనే అంటాం.) దస్తావేజులు ఇంటి లోపలి గదిలోనే ఉండాలి, గడప దగ్గర పెట్టకూడదు అన్నది మా తాత పెట్టిన కట్టుబాటు.

పెట్టెకు చెదలు పట్టడంతో పత్రాలన్నింటినీ స్కాన్ చేసి నా లాప్‌టాప్‌లో పెట్టాను. ముద్రల అంచు కూడా చెదరకూడదని అన్నింటికన్నా పెద్ద సైజులో చేశాను. ఆ లాప్‌టాప్ షాపులో ఉన్నవాటిల్లోకెల్లా చవకది. పొలాలు చేరగానే నిండిపోయింది. సరిగ్గా అప్పుడే కాట్టుపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపుల డ్రాయింగులు గీసే పనికి పిలుపు వచ్చింది. సొంత లాప్‌టాప్‌లో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని సోమవారం పరీక్షకు రమ్మన్నారు. అప్పటికే మూడు చోట్ల కాదనిపించుకుని ఉన్నాను.

తిరువళ్లూరు బస్టాండు దగ్గర రిపేరు షాపు నడిపే అక్క లాప్‌టాప్ అడుగు విప్పి చూసి పెదవి విరిచింది. డిస్కు బోర్డుకే అతికించి ఉందట, మార్చడానికి వీల్లేదట. పక్కనున్న సందులో ఒక మెమరీ కార్డు పెట్టి, “ఆ ఫోటోలన్నీ దీంట్లోకి తోసెయ్ తమ్ముడా, లోపల ఇడం వస్తాది. సాఫ్ట్‌వేర్ లోపలుంటేనే పరిగెత్తుతాది” అంది. (ఇడం అంటే చోటు.)

అవి ఫోటోలు కావనీ ఆస్తి పత్రాలనీ వెన్ను నిటారుగా పెట్టి చెప్పాను.

“అయితే ఇంకా మేలు. ఆస్తి యాడికీ పోదు గదా.”

కార్డుకు డబ్బిచ్చి ఇంటికి వచ్చాను. కానీ లాప్‌టాప్ అంచున గోరంత కార్డులో, అంటే అచ్చంగా గడప మీద, మా పూర్వీకులను కూర్చోబెట్టడం నావల్ల కాలేదు. పత్రాలను లోపలే ఉంచి సాఫ్ట్‌వేర్‌నే కార్డులోకి ఎక్కించాను. సంగతి విని మా మేనమామ కాఫీ గ్లాసు దించకుండానే అన్నాడు: “పోయిన భూమికి లోపల పరుపేసి, కూడు పెట్టేదాన్ని వాకిట్లో పండేస్తావా అల్లుడా?”

సోమవారం కాట్టుపల్లిలో సాఫ్ట్‌వేర్ తెరిచాను. తెర మీద చక్రం తిరగసాగింది. పక్కవాళ్లు గీతలు గీసి లేచిపోతున్నా తిరుగుతూనే ఉంది. సూపర్‌వైజరు ఎలవూరు వైపు మనిషి, మన భాషే. వంగి చూసి, లోపల అంత చోటు తినేది ఏమిటని అడిగాడు. చెప్పాను.

“ఎన్నెకరాలు?”

“నలభై.”

“ఇప్పుడు ఎంతుండాది?”

“ఏమీ లేదు.”

ఆయన నవ్వి ఉంటే నేను లేచి వచ్చేసేవాణ్ణి. ఈ కథ మరోలా ఉండేది. ఆయన గడియారం చూసి, “అరగంట ఇస్తా. లేనిదాన్ని బయట పెట్టి ఉండేదాన్ని లోపలికి తెచ్చుకో” అని వెళ్లిపోయాడు.

సాఫ్ట్‌వేర్ తీసేసి పత్రాలను కార్డులోకి తోశాను. ఆ పొలాలు పోగొట్టడానికి మా తాతకు ఇరవై ఏళ్లు పట్టింది. నాకు పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత సాఫ్ట్‌వేర్‌ను లోపలికి ఎక్కించి, మిగిలిన కాస్త సమయంలో పైపులు గీశాను. ఒక వంపు తప్పు గీశాను కూడా. అయినా తీసుకున్నారు.

ఇప్పుడు నా కొత్త లాప్‌టాప్‌లో ఎన్ని ఊళ్లయినా పడతాయి. కార్డు మాత్రం దేవుడి గదిలోనే, ఒక కుంకుమ భరిణెలో ఉంది. ఏటా ఆయుధ పూజకు అమ్మ దానికి తడి గంధం పూసి బొట్టు పెడుతుంది. ఆ మొదటి బొట్టుకే అది చచ్చి ఉంటుందని నా అనుమానం. లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. నేను చూడను. పూజ రోజు మాత్రం అందరికన్నా ముందు నిలబడి, వెన్ను నిటారుగా పెట్టి, దానికి దండం పెట్టుకుంటాను.