కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు

దసరా నాడు మా అత్తమ్మ బొట్టు పెట్టని వస్తువు ఇంట్లో ఉండదు. మిక్సీకి, బండికి, కత్తిపీటకు, చివరికి నా కంప్యూటర్‌కు కూడా. ఆ ఏడు పసుపు తడిపి పెట్టి, కుంకుమ అద్ది, పైనుంచి అక్షింతలు కూడా చల్లింది. వేడెక్కకుండా నేనెప్పుడూ దాని పక్కమూత తీసి, బల్ల మీద పడుకోబెట్టే ఉంచేదాన్ని. జహీరాబాద్ ఎండలకు ఆ పాత డబ్బా అంతకంటే ఏం తట్టుకుంటుంది!

ఆ కంప్యూటరే నాకు ఆధారం. బడిలో టీచరు పని మానేసి ఇంట్లో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకుంటానన్నప్పుడు మా ఆయన మొహం ముడుచుకున్నాడు. అత్తమ్మే అడ్డుపడి, ఒక ఏడాది చూద్దామని ఒప్పించింది. ఆ ఏడాది నిండకముందే రాయికోడ్ నుంచి ఒక చర్చి పెళ్లి ఆల్బమ్ వచ్చింది. అన్నీ భారీ ఫొటోలు. కొన్ని తెరవగానే కంప్యూటర్ గుడ్లప్పగించి చూసేది. మెమరీ చాలడం లేదని అర్థమై, ఉన్నదానికి తోడు ఇంకో ర్యామ్ కార్డు కొనుక్కొచ్చాను.

ఆదిలోనే హంసపాదు. కొత్తది ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో పెట్టి ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయింది. లోపలి నుంచి ఒకటే బీప్‌లు. మా ఆయన వచ్చి చూసి బోర్డు పోయిందని తేల్చేశాడు. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది ఆన్, ఆఫ్ అంతే, తీర్పులకు మాత్రం తక్కువ లేదు. దాన్ని పాత సామాన్ల వాడికి వేసేసి, బడిలో మళ్లీ అడిగి చూడమన్నాడు. ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది, ఆయన మాటే నిజమవుతుందేమోనని.

కోపం వస్తే నాకు పని బాగా సాగుతుంది. ప్లగ్గు పీకి, కొత్త ర్యామ్ తీసి, పాతది ఒక్కటే మొదటి స్లాట్‌లో ఉంచి చూశాను. నడిచింది. దాని చోట కొత్తది పెట్టి చూశాను. అదీ నడిచింది. అంటే రెండూ మంచివే. రెండో స్లాట్‌లో ఏది పెట్టినా మాత్రం బీప్‌లే. అప్పుడు గమనించాను, అక్కడ కార్డును పట్టి ఉంచే క్లిప్పుల్లో ఒకవైపుది టక్కుమని పడుతోంది, రెండోవైపు పడడం లేదు. ఫోన్ లైటు వేసి చూస్తే స్లాట్ అడుగున ఒక అక్షింత, పసుపు కుంకుమలతో గట్టిగా అంటుకుని కూర్చుంది.

ప్లగ్గు మళ్లీ పీకి, చీపురుపుల్లతో మెల్లగా లేపి తీశాను. మిగిలిన పొడిని మెత్తటి బ్రష్షుతో దులిపాను. ఈసారి రెండు క్లిప్పులూ పడ్డాయి. తెర వెలిగింది, పెళ్లికూతురి ఫొటో చటుక్కున తెరుచుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తిలాపాపం తలా పిడికెడు, మూత తీసి పెట్టింది నేనే కదా. ఆ గింజను గప్‌చుప్‌గా పారేద్దామనుకున్నాను. మా ఆయన ఊరుకుంటాడా! అరచేతిలో వేసుకుని పోయి వాళ్లమ్మకు చూపించి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా వైపు చూసి, "నీ పని మంచిగ నడవాలని చేసిన బిడ్డా," అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఎంత సముదాయించినా ఆ పూట నాతో సరిగా మాట్లాడలేదు.

ఆల్బమ్ చూసి రాయికోడ్ వాళ్లు తమ చుట్టాల పెళ్లి కూడా నాకే పంపారు. బడి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

తర్వాతి దసరాకు అత్తమ్మ పళ్లెం పట్టుకుని మిక్సీకి, బండికి, కత్తిపీటకు బొట్టు పెట్టి, కంప్యూటర్ ముందు నుంచి తల తిప్పుకుని పోబోయింది. నా ప్రాణం ఉసూరుమంది. అప్పటికే మూత పెట్టి స్క్రూలు కూడా బిగించి ఉంచాను. ఇగ భయం లేదు, పెట్టమన్నాను. ఆమె దాని వంక అనుమానంగా చూసింది.

"వద్దు బిడ్డా, దాంతోని నాకు పడది," అంది.

పళ్లెం కింద పెట్టి, నా రెండు చేతులూ లాక్కుని, వేళ్లన్నిటికీ పసుపు రాసి ఒక్కోదానికీ బొట్టు పెట్టింది.

"పని చేసేటివి గివి. వీట్ల ఏం ఇరుకదు."

సాయంత్రం దాకా నేను చేతులు కడుక్కోలేదు. పండుగ అన్నం చెంచాతోనే తిన్నాను.