నూట పద్దెనిమిదో పేజీ

మొన్న మా మనవరాలు కాలేజీకి ఇవ్వవలసిన వ్యాసం ముగించి, చివర ఉండవలసిన ఆధార గ్రంథాల పట్టికని కంప్యూటరు మీద ఒక్క మీట నొక్కి, కామాలూ చుక్కలతో సహా అక్షరక్రమంలో నిలబెట్టేసింది. అలవాటుకొద్దీ రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం అంటూ వేలు పెట్టి చూసుకుంటూ పోయిన నేను, పేజీ అంకెల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆ అంకెలంటే నాకు ఈ వయసులోనూ భయమే. ఎందుకో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లయితే అర్థం చేసుకుంటారేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

అరవైల మొదట్లో ఎల్.సి.ఇ. అనే ఇంజనీరింగు చదువు పాసై, ఉద్యోగం ఆర్డరు కోసం ఎదురుచూస్తూ జగ్గయ్యపేటలో మా అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. బావగారు అక్కడి మిషను స్కూల్లో చరిత్ర మాస్టారు. వేదాద్రి దగ్గర్నుంచీ కృష్ణ ఒడ్డున ఉన్న పాత పడవ రేవుల్లో ఒకప్పుడు ఎలాంటి వర్తకం సాగిందో ఏళ్ల తరబడి చదివి, ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశారు. అది నచ్చితే తన దగ్గర పరిశోధనకి చేర్చుకుంటానని యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకాయన ఉత్తరం రాశాడు. ఫలానా బుధవారంలోగా పోస్టులో వెయ్యాలనీ, ప్రతి ఫుట్‌నోటులోనూ పేజీతో సహా అన్ని వివరాలూ ఉండాలనీ, ఏ ఒక్కటి లోపించినా చదవకుండా తిప్పి పంపుతాననీ అందులోనే ఉంది. బావగారికి వయసు దాటిపోతోంది. ఆ ఏడు చేరకపోతే కాలేజీ లెక్చరరు అన్న ఆశ ఇక వదులుకోవలసిందే.

పరీక్ష పేపర్లు దిద్దే పనిలో మునిగిన ఆయన ఫుట్‌నోట్ల పని నాకు అప్పగించారు. నాకు అంతకంటే కావలసిందేముంది! పాత శుభలేఖల ఖాళీ వైపులు కత్తిరించి, ఒక్కో ఫుట్‌నోటుకీ ఒక్కో కార్డు చొప్పున ఇరవై మూడు కార్డులు రాసి, అక్కరలేకపోయినా, బావగారు రాసుకొచ్చిన వివరాలు చూసి గ్రంథాల పట్టికలో ఒక్కో పుస్తకానికీ మొత్తం పేజీలెన్నో కూడా వేశాను. మా అక్క వంటింటి గుమ్మంలోంచి చూసి, "నా పేరు కూడా ఎక్కించరా తమ్ముడూ, మీ బావ పుస్తకాల్లో నేను ఎన్నో పేజీలో ఉన్నానో చూసుకుంటా" అని ఎద్దేవా చేసేది.

సోమవారం పొద్దున్నే, ఎక్కడైనా అనుమానం వస్తే చూసుకోవచ్చని బావగారి నోటుబుక్కులు కూడా సంచీలో వేసుకుని, చిల్లకల్లు మీదుగా నందిగామ వెళ్లి, కోర్టు ఎదుట టైపు చేసే సాయిబుగారికి కాగితాలిచ్చాను. దావా కాగితాలు కొట్టీ కొట్టీ అంకెకి అంకె సరిచూసే అలవాటు ఆయనది. చాలాసేపు టకటకలాడించాక చెయ్యి ఆపి, కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"ఇదేంది బాబూ, పుస్తకం మొత్తం రెండొందల ముప్ఫయ్యారు పేజీలేనని మీరే రాశారు. ఇక్కడేమో మూడొందల ముప్ఫయ్యో పేజీ చూడమంటన్నారు. మిగతావి అట్ట వెనకాల అచ్చేశారా ఏంటండీ?"

నవ్వబోయి ఆగిపోయాను. ఒక్క క్షణంలో సంగతంతా తెలిసిపోయింది. లైబ్రరీవాళ్లు ఆ పాత పుస్తకాలు ఇంటికివ్వరు గనక బావగారు సెలవుల్లో బెజవాడ వెళ్లి, కావలసిన భాగాలన్నీ వరసగా పొడుగాటి నోటుబుక్కుల్లోకి చేత్తో ఎక్కించుకొచ్చేవారు. స్కూలు రిజిస్టర్లకి వేసినట్టు, ఏ కాగితమూ పోకుండా నోటుబుక్కులన్నిటికీ ఒకటే వరసన నంబర్లు వేసుకునేవారు. వ్యాసం పక్కన ఆయన తన గుర్తుకోసం రాసుకున్నవి ఆ నంబర్లు. అడగకుండా, పుస్తకం పేజీలనుకుని ఇరవై మూడూ ఎక్కించినవాణ్ణి నేను.

జగ్గయ్యపేట తిరిగి వెళ్లే ధైర్యం లేక, నోటుబుక్కుల సంచీ భుజాన వేసుకుని ఎదురొచ్చిన బెజవాడ బస్సెక్కాను. కీసర వంతెన దాటుతుంటే కూడా నా కళ్లు చేతి గడియారం మీదే ఉన్నాయి. లైబ్రరీ ఆరింటికి మూసేస్తారు. పుస్తకాలు బల్లమీద పేర్చుకుని, బావగారు ఎక్కించుకున్న వాక్యాల కోసం పేజీ పేజీ గాలిస్తూ, దొరికిన అంకెని కార్డు మీద దిద్దుతూ, తిండి మాట మరిచిపోయి అయిదున్నరకి ఇరవై రెండు పూర్తిచేశాను. ఇరవై మూడోది తెల్లదొరల కాలంనాటి పాత జిల్లా నివేదిక రెండో సంపుటంలోది, సాయిబుగారు పట్టుకున్నదే. వేదాద్రి రేవులో వసూలు చేసిన సుంకం సంగతి అందులోనే ఉంది; వ్యాసమంతా దానిమీదే నిలబడింది. ఆ సంపుటం బైండింగుకి పోయిందనీ, నెల దాకా రాదనీ లైబ్రేరియను చెప్పాడు.

అప్పుడు చేసిన పని చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది. రెండో సంపుటంలో మొదటినుంచి చివరిదాకా బావగారు ఎక్కించుకున్నది నోటుబుక్కుల్లో మూడొందల పది నుంచి మూడొందల యాభై దాకా ఉంది. మనకి కావలసింది మూడొందల ముప్ఫైలో, అంటే సరిగ్గా నడుమ. పుస్తకంలో సగం నూట పద్దెనిమిది. కాలవ వాలు లెక్కగట్టినట్టు లెక్కగట్టి, కార్డు మీద ఆ అంకె వేసేశాను.

ఇంటికెళ్లి, నోటుబుక్కు నంబర్లు వేసిన పొరపాటు మటుకు ఒప్పుకున్నాను. బావగారి మొహం పాలిపోయింది. కార్డులు ఒక్కొక్కటే తిరగేశారు.

"ఇరవై మూడూ పుస్తకాల్లోనే చూశావుట్రా?"

"చూశానండీ."

"నీ కళ్లతోనే?"

"అవును బావగారూ."

మంగళవారం సాయిబుగారు మళ్లీ టైపు చేసిపెట్టారు. బుధవారం కవరు పోస్టులో పడింది.

తర్వాతి రోజుల్లో పోస్టుమాను సైకిలు బెల్లు వినిపిస్తే చాలు, బావగారికంటే ముందే గుమ్మంలోకి పరుగెత్తేవాణ్ణి. చివరికి వచ్చిన జవాబులో ప్రొఫెసరు బావగారిని చేర్చుకోవడమే కాక, ఫుట్‌నోట్ల శ్రద్ధని ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. బావగారు ఆ వాక్యాన్ని ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరికీ చదివి వినిపించి, ఇదంతా మా బావమరిది చలవేనంటూ నా భుజం తట్టారు.

ఆర్డరు వచ్చి బెజవాడలో ఉద్యోగంలో చేరాక, మొదటి సెలవు రోజునే లైబ్రరీకి వెళ్లి కొత్త అట్టలతో వచ్చిన ఆ సంపుటం తీయించాను. సుంకం సంగతి నూట డెబ్బై ఒకటిలో ఉంది. నూట పద్దెనిమిదిలో పశువుల గాలికుంటు జబ్బు గురించి రాసి ఉంది. ఆ రాత్రే ఉత్తరం రాద్దామని కూర్చుని, బావగారు పరిశోధనలో చేరిన సంబరంలో ఉన్నారని మానుకున్నాను. తర్వాత ఆయన సిద్ధాంత గ్రంథంలో ఆ అంకె అలాగే అచ్చయింది. ఆ తర్వాత ఇంకెవరో తమ పుస్తకంలో అదే నివేదికని, అదే పేజీతో చూపించారు. వాళ్లని చూసి మరొకరు. బావగారు నా మాట నమ్మినట్టే, వీళ్లూ అచ్చయిన అంకెని నమ్మారు. ఆయన పోయి చాలా కాలమైంది. నిజం చెబితే కోప్పడడానికైనా ఇప్పుడు మనిషి లేడు.

కిందటేడు పని మీద బెజవాడ వెళ్లి, ఆ లైబ్రరీ వెతుక్కుంటూ పోయాను. ఇప్పుడు కొత్త భవనంలో ఉంది. సంపుటం భద్రంగానే ఉంది. చదవడానికి పుస్తకం బీరువాలోంచి బయటికి తీసిన ప్రతిసారీ తేదీ ముద్ర వేసే చీటీ ఒకటి వెనక అట్టకి అంటించి ఉంటుంది కదా, దాన్ని చూశాను. కొత్త బైండింగు తర్వాత దాని మీద పడిన ముద్ర ఒక్కటే. అది నేను తీయించిన నాటిది.