ఆరు సెకన్ల నాన్న

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఖరగ్‌పూర్‌లో పుట్టి, యాభై రెండేళ్లుగా రైలు కూతల మధ్య నిద్రపోతున్నవాణ్ని. నన్ను లేపాలంటే ఏ దయ్యమైనా ముందు ఒక ఇంజను తెచ్చుకోవాలి. నేను చెప్పే ప్రతిదాన్నీ సగానికి తగ్గించి వినడం మా ఆఫీసులో అలవాటు. ఇది మాత్రం తగ్గించకండి.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో బరువులెత్తించే ఖలాసీ. పోయి రెండేళ్లయింది. ఆయన వీడియో మా దగ్గర ఒక్కటే ఉంది, ఆరు సెకన్లది. గోల్‌బజార్‌లో చేపలు కొనడానికి సైకిల్ నడిపించుకుంటూ మా ఇంటి గేటు దాటుతాడు, వెనక్కి తిరగబోతాడు, అంతే, అయిపోతుంది.

ఆ తిరగబోవడమే అమ్మకి తీరని బాధ. "ఇంకొంచెం తిరిగుంటే మొకం కనిపించును గదరా" అంటూ రోజుకి వెయ్యిసార్లు చూసేది. సరే, వందసార్లు.

ఒక ఆదివారం పొద్దున్న మా అమ్మాయి శిరీష, "ఉండు నానమ్మా, తాతని నేను తిప్పుతాను" అంది. చిన్న వీడియోలను పొడిగించే ఏఐ ఉందట. చివరి బొమ్మ చూసి, ఆ తర్వాత ఏం జరిగుంటుందో అదే ఊహించుకుని గీస్తుందట. 'వెనక్కి తిరిగి నవ్వాలి' అని మాత్రమే రాసింది.

మూడు నిమిషాల్లో ఇంకో ఎనిమిది సెకన్లు పుట్టాయి. సైకిల్‌కి మూడో పెడల్ మొలిచింది. ఎదురింటి బెంగాలీ దీదీ గోడ కరిగి సముద్రమైపోయింది. నాన్న మీసం పిల్లితోకంత పెరిగింది. నేను పడీపడీ నవ్వాను.

అప్పుడు నాన్న తిరిగాడు. నవ్వలేదు. సైకిల్ వదిలేసి, రెండు చేతులూ పొట్ట ముందు బిగించి పట్టుకుని, మావైపే చూస్తూ ఉండిపోయాడు. సైకిల్ పడలేదు.

అమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది. "దండమెట్టి పిలస్తన్నాడ్రా. నానెల్లిపోవాల" అంది.

ఆ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. రాత్రీ ముట్టలేదు. మర్నాడు ట్రంకులోంచి పెళ్లిచీర తీసి మడత విప్పింది. డెబ్బై ఆరేళ్ల మనిషి, షుగరు మాత్రల మీద బతుకుతున్న మనిషి.

ఇదంతా యంత్రం పొరపాటని అమ్మకి చూపిద్దామని మళ్లీ చేయించాను. 'చెయ్యి ఊపాలి' అని రాయించాను. 'నడిచి వెళ్లిపోవాలి' అని రాయించాను. వేరే ఫోన్‌లో, వేరే ఏఐతో. పదకొండుసార్లు. ఈ లెక్కలో ఒక్కటి కూడా కలపలేదు. చొక్కా రంగు మారింది, సముద్రం మళ్లీ గోడైంది, ఒకసారి ఆరో వేలు వచ్చింది. చేతులు మాత్రం ప్రతిసారీ అలాగే, పొట్ట ముందు బిగించి.

మూడోరోజు సుభాష్‌పల్లి వెళ్లి అప్పన్న బాబాయిని రిక్షాలో తీసుకొచ్చాను. నాన్న కింద నిలబడి సైగ చేస్తే పైన క్రేన్ నడిపిన మనిషి. వర్క్‌షాపులో ఆ మోతకి మాట వినబడదు. ముప్పై ఏళ్లు వాళ్లిద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు.

వీడియో చూస్తుండగా బాబాయి కుడిచెయ్యి, ఆయనకి తెలియకుండానే, అక్కడ లేని క్రేన్ లీవర్‌ని పట్టుకుంది.

"దండం కాదొదినా. పిలుపూ కాదు. హోల్డ్ అంటన్నాడు. బరువు ఎక్కడుందో అక్కడే ఉంచు, ఎత్తకు, దించకు అని."

"అంటే నన్ను రావద్దంటన్నాడేటి?"

"ఎక్కడున్నావో అక్కడే ఉండమంటన్నాడు. ఆడి సైగ నాకు తెల్దేటి?"

అమ్మ ఫోన్ తీసుకుని ఆ చేతుల్ని ఇంకోసారి చూసింది. తర్వాత "పోయినా హుకుం మానలేదు ఈ మడిసి" అని, పెళ్లిచీర మడతపెట్టి, చారన్నం కలుపుకుని తింది.

బాబాయిని రిక్షా ఎక్కిస్తూ, ఆ సైగ ఎంతసేపు ఉంటుందని అడిగాను.

"రెండో సైగ ఇచ్చేదాకా. ఎత్తమనో దించమనో, ఏదోటి ఇస్తాడు గదరా."

ఏఐ ఎక్కడో క్రేన్ల వీడియోలు చూసి నేర్చుకుని ఉంటుందంటుంది శిరీష. కావచ్చు. మరి మా గేటు దగ్గర క్రేన్ ఏది? రెండు ఏఐలకూ నాన్న పని ఎవరు చెప్పారు? నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ బాగానే తింటోంది. "తరవాతేటి సేసినాడో ఇంకొంచెం పెంచి సూపించండ్రా" అని రోజూ అడుగుతోంది. నెట్ లేదని ఒకరోజు, ఫోన్ చెడిపోయిందని ఇంకోరోజు చెబుతున్నాను. నాన్న ఆ చేతులు విప్పడం చూసే ధైర్యం నాకు లేదు.