పప్పు ఉడకని నీళ్లు

పదకొండేళ్లుగా ఈ మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. వినడానికి ఇంట్లో ఎవరూ మిగల్లేదు కూడా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో ఫిల్టరు నీళ్ల ప్లాంటు నడిపేవాణ్ణి. మా బోరు నీళ్లు ఉప్పన, పైగా వాటిలో ఫ్లోరైడు. అవి తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లను చూస్తూ పెరిగాను. కొళాయికి వచ్చేవి మాత్రం దూరపు డ్యాము నీళ్లు. కాస్త నాచు వాసన వేసేవి, అంతే. ఒక వేసవిలో నా ఫిల్టరు పాడైంది. కొత్తది రేపు వేయిద్దాం, మాపు వేయిద్దాం అనుకుంటూనే, బోరు నీళ్లను చల్లబరిచి క్యాన్లలో నింపాను. ఆ చల్లదనంలో ఉప్పదనం నాలుకకు తెలియదు.

అప్పుడే పక్కింటి ఖాసింబీ అడిగింది, కొళాయి నీళ్లు మంచివా, నీ క్యాను మంచిదా అని. ఒంటరి మనిషి. నన్ను నోరారా అన్నా అని పిలిచేది. క్యానే మంచిదన్నాను. ఎందుకన్నాను? నోటికి అలవాటైన మాటనా? నిజం చెబితే ఊరంతా తెలుస్తుందన్న భయమా? భయమే.

వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. మా వైపు నీళ్ల మంచిచెడ్డలు తేల్చేది కందిపప్పే. మంచి నీళ్లలో మెత్తగా ఉడుకుతుంది, ఉప్పు నీళ్లలో గట్టిగా మిగులుతుంది.

"అన్నా, నీ నీళ్లతో పప్పు ఉడకల్యా. పొద్దున్నుంచి పొయ్యి మీదే ఉండాది."

"నీళ్లకేమయితాదమ్మా? పప్పు పాతదేమో సూడు."

"అట్లనా? నువ్వు చెప్పినావంటే సరేలే అన్నా."

పాపం, పప్పు అమ్మినవాడితో పోట్లాడింది. నా క్యాన్లు మాత్రం మానలేదు, నేనూ కొత్త ఫిల్టరు వేయించలేదు. ప్లాంటు మూసేసేదాకా రెండేళ్లు అవే తాగింది.

ఇప్పుడామె మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చునే నమాజు చేస్తుంది. వయసు వల్లే అంటారు. కావచ్చు. రెండేళ్ల నీళ్లకే అంత జరుగుతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటాను, కానీ ఆమె గోడ పట్టుకుని నడవడం కనిపించగానే ఆ సర్దుబాటు నిలవదు. నా భార్య పోయాక ఈ వీధిలో నన్ను పలకరించేది ఖాసింబీ ఒక్కతే. నిజం చెబితే ఆ పలకరింపూ పోతుంది. అందుకే నోరు మూసుకున్నాను. ఇంత స్వార్థపరుణ్ణని నాకూ తెలియదు.

మీతో చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని మాత్రం అడగను. ఇంకొక మాట మిగిలే ఉంది. ఆ రెండేళ్లూ మా ఇంట్లో మేం తాగింది కొళాయి నీళ్లే.