తాతగారి హిందుస్తానీ పరీక్ష

కెనడాలో, బ్రాంప్టన్‌లో చదువుకునే రోజుల్లో వారమంతా వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి, శనివారం పొద్దున ఒక తెల్ల పెద్దాయన ఇంటికి వెళ్లేవాణ్ణి. వాళ్ల తాత బ్రిటిష్ వాళ్ల కాలంలో సికింద్రాబాద్‌లో గుర్రపు దళం ఆఫీసరట. ఆ తాత డైరీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. యుద్ధాలూ పులివేటలూ ఉంటాయనుకుని, నొప్పెడుతున్న నడుంతో కూర్చున్నాను. తీరా చూస్తే మొదటి డైరీ నిండా ఒకటే గోల, హిందుస్తానీ పరీక్ష. అది పాసైతేనే ఆయన ఉద్యోగం ఖాయమవుతుంది. భాష నేర్పే మున్షీని పెట్టుకుని చదివినా మూడుసార్లు తప్పాడు.

నాకు నవ్వు రాలేదు. ఇక్కడే స్థిరపడే పీఆర్‌కి కావలసిన ఇంగ్లిష్ స్కోరు కోసం నేనూ అప్పటికి మూడుసార్లు రాసి ఉన్నాను.

“నీకు తోడు దొరికాడు కదరా, నువ్వూ నాలుగోసారి బుక్ చేసెయ్,” అన్నాడు డైరీ సంగతి విన్న మా రూమ్మేట్.

నాలుగోసారి ఆఫీసరు గట్టెక్కాడు. తర్వాతి డైరీల్లో కెప్టెనయ్యాడు, మేజరయ్యాడు, పెన్షన్ పుచ్చుకుని కెనడా చేరాడు. అంత కష్టపడి నేర్చిన భాషలో ఆయన రాసుకున్నవి రెండే మాటలు. రెండూ తన గుర్రాలను చూసే మనిషితో అన్నవే: జల్దీ, చుప్.

నేనూ నాలుగోసారి పాసయ్యాను. సోమవారం వేర్‌హౌస్‌లో, మన దేశం నుంచే వచ్చిన సూపర్‌వైజర్‌కి ఆ సంగతి ఇంగ్లిష్‌లో చెప్పబోయాను.

“చుప్,” అన్నాడాయన, బెల్టు మీద పేరుకుపోతున్న పెట్టెలను చూపిస్తూ. “జల్దీ.”