అన్న క్యాసెట్టు కోసం కొన్న హెడ్‌ఫోను

హెడ్‌ఫోను కొనే ముందు నేను పదహారు లెక్కలు కట్టాను. కట్టవలసిన పదిహేడోది మరిచాను. ఆ ఒక్కటి తప్పినందుకు మా ఇంటి గుట్టు వీధి చివరి పిండి గిర్ని దాకా నడిచిపోయింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. మీరు నవ్వుకోండి, నాకు అలవాటే.

అప్పట్లో మెట్‌పల్లిలోని మా ఇంటికి దుబాయి నుంచి మా మల్లేశం అన్న ఉత్తరాలు రాసేవాడు కాదు, క్యాసెట్టులో మాట్లాడి పంపేవాడు. అది మోగుతుంటే ఇంటిల్లిపాదీ దానికి జవాబిచ్చేవాళ్లం. "మంచిగున్నరా?" అని అన్న అడిగితే అమ్మ, మా పిలుపులో అవ్వ, టేప్‌రికార్డరు మీదికి వంగి, "మంచిగనే ఉన్నం బిడ్డా, నువ్వు తిన్నవా?" అనేది. బాపు ఊఁ కొట్టేవాడు. క్యాసెట్టుకు చెవులుండవని లెక్కలు తెలిసిన నాకు తెలుసు. తెలిసి కూడా నేనూ మాట్లాడేవాణ్ణి.

ఒకసారి దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా ఊరాయన ఒకడు అన్న పంపిన రెండు క్యాసెట్లు తెచ్చాడు. ఒకటి అవ్వకిచ్చి, రెండోది చాటుగా నా జేబులో పెట్టాడు. "గిది నువ్వొక్కనివే వినాల్నట. మీ బాపు చెవుల పడద్దన్నడు."

ఎలా వినను? ఇంట్లో టేప్‌రికార్డరు ఒకటి, ప్లగ్గు ఒకటి, ఆ ప్లగ్గుకు మూడడుగుల దూరంలో పడక్కుర్చీ, అందులో మోకాలి నొప్పితో నెల రోజులుగా లేవని బాపు. వచ్చినవాళ్లందరికీ "మా పెద్దోడు దుబాయిల సూపర్‌వైజర్" అని చెప్పుకోవడమే ఆయన వేసుకునే మందు. పోనీ పక్కింట్లో విందామంటే, పక్కిల్లు వింటే ఊరే వింటుంది. అందుకే కరీంనగర్ బస్సెక్కాను.

దుకాణాయన రెండు హెడ్‌ఫోన్లు ముందు పెట్టాడు. "గిది ఎనుక తెరిచినది. సన్న బొక్కల జాలి ఉన్నది చూడు. గాలాడుతది, పాట సాఫ్‌గ వినవడ్తది, ధర గూడ తక్కువ. కని పక్కనోనికి గూడ వినవడ్తది."

"మరి గది?"

"గది ఎనుక మూసినది. లోపటిది బయటికి పోదు, బయటిది నీకు రాదు. నీ మాట నీకే సరిగ వినవడది. చెవులకు చెమట ఫిరీ."

బరువు, తీగ పొడవు, మెత్తల మందం అన్నీ కాగితం మీద రాసుకున్నాను. రెంటినీ మోగించమని చెప్పి అడుగులు కొలిచాను. తెరిచినది ఐదడుగుల దూరానికి కూడా దోమలా పాడుతోంది. మూసినది ఒక్క అడుగులోనే మూగది. ఇక సందేహమేముంది? అరవై రూపాయలు ఎక్కువైనా మూసినదే.

"హెడ్‌ఫోన్ గిట్ల కొన్నోణ్ణి చూడలే తమ్మీ," అన్నాడాయన. "గొర్రెను కొన్నట్టు కొంటున్నవ్."

మర్నాడు మధ్యాహ్నం చాటు క్యాసెట్టు పెట్టి హెడ్‌ఫోను తగిలించుకున్నాను.

"ఏందిరా అవి, బర్రె చెవులు?" అన్నాడు బాపు.

"పాటలు వినెటియి బాపు. నీకు తక్లీఫ్ ఉండదని."

"విను, విను."

మెత్తలు అతుక్కోగానే లోకం బావిలో పడ్డట్టు చప్పుడు ఆగిపోయింది. ఇక అన్న గొంతు, నేను.

"తమ్మీ, నౌకరి పోయి నాలుగు నెలలైతుంది."

"నాలుగు నెలలా!" పెదవి కదిలీ కదలకుండా అన్నాననే అనుకున్నాను.

"సూపర్‌వైజర్ అన్నది గూడ ఉత్తదే. ఇటుకలు మోసిన."

"ఇటుకలు మోసినవా అన్నా!"

"వచ్చే నెల ఉత్త చేతులతోని వస్తున్న. బాపు ముంగట నిలవడి నేనే చెప్పుకుంట. గప్పటిదాక బాపుకు చెప్పకు."

"బాపుకా? చచ్చినా చెప్ప!"

కళ్లు తుడుచుకుని హెడ్‌ఫోను తీశాను. గిర్ని ఆగి ఉంది. అవ్వ చేటతో గుమ్మంలో నిలబడిపోయింది. గోడ అవతల గిర్ని ఆయన తల, ఒళ్లంతా పిండితో. బాపు నన్నే చూస్తున్నాడు.

"ఏం పాటరా అది?"

"బాపు... నేను చెప్పలే..."

"చెప్పలే బిడ్డా. గిర్ని దాక వినవడేటట్టు ఒర్రినవ్."

ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. అన్న నన్నడిగింది ఒక్క నెల మౌనం. నేను పూర్తిగా రెండు నిమిషాలు కూడా ఇవ్వలేకపోయాను. ఇలాంటి తమ్ముడుండడం కన్నా ఇటుకలు మోయడమే తేలికనిపించింది.

పొద్దున్నే బాపు పిలిచాడు. "ఖాళీ క్యాసెట్టు పెట్టు." పెట్టాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మల్లేశం, ఇటుకలు మోసినవని సిగ్గువడకు. గీ ఇంటి ఇటుకలు నేను గూడ మోసిన. నెల దాక ఆగకు, జల్ది రా." నా వైపు ఒకసారి చూశాడు. "ఇంకొక మాట. ఇగ దాచేటిది ఏమన్న ఉంటే నాకే చెప్పు బిడ్డా. గీ నీ తమ్మునికి మాత్రం చెప్పకు."

"సరే బాపు," అన్నాను నేను, అలవాటు కొద్దీ. అదీ రికార్డయింది.

తర్వాత అడుగులు కొలిచాను. ప్లగ్గు నుంచి గిర్నికి నూట పన్నెండు. దుకాణంలో రెండు హెడ్‌ఫోన్ల నోళ్లూ కొలిచి, నా నోరు కొలవకుండా వచ్చాను. కాబట్టి ఈ కాగితం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మళ్లీ మూసిన హెడ్‌ఫోను పెట్టుకోవలసి వస్తే, ముందు నోట్లో తువ్వాల కుక్కుకుంటాను. తువ్వాల కొలత రాసే పెట్టుకున్నాను.